చైనా నవల ‘వాటర్ మార్జిన్’: 70, 100, 120 అధ్యాయాల్లో ఏది చదవాలి?

అట్టలేనిపుస్తకం అడిగారు:

70 అధ్యాయాల ఇంగ్లీషు ప్రతి పూర్తయింది. చివర్లో ఆకాశం నుంచి నిప్పుముద్ద ఒకటి పడి భూమిలోకి దూరుతుంది. అక్కడ తవ్వితే రాతిపలక దొరుకుతుంది, దాని మీద లియాంగ్‌షాన్ కొండకు చేరిన 108 మంది వీరుల పేర్లు వరసగా చెక్కి ఉంటాయి. అందరూ కలిసి ప్రమాణం చేస్తారు. ఆ రాత్రి వాళ్లలో ఒకడైన లు జున్‌యికి పీడకల వస్తుంది: 108 మందినీ కట్టి తెచ్చి తలలు నరికిస్తున్నారు. ఉలిక్కిపడి కళ్లు తెరిస్తే ఎదురుగా ‘లోకమంతా ప్రశాంతం’ అని రాసిన ఫలకం. అంతే, నవల అయిపోయింది.

ఇన్ని వందల పేజీలు తిరుగుబాటు కూడగట్టి, అసలు యుద్ధం మొదలవ్వాల్సిన చోట ఆపేయడమేంటి? ఒకచోట 100 అధ్యాయాలంటారు, ఇంకోచోట 120 అంటారు. మిగతాది ఎవరు రాశారు, ఎవరు తీసేశారు? రెండోసారి చదవాలంటే ఏ అనువాదం తీసుకోవాలి? పేర్లు గుర్తుపెట్టుకోవడానికి ఏదైనా పద్ధతి ఉందా? ఇంకో చిన్న సందేహం. ఖర్జూరాల వ్యాపారుల వేషంలో వచ్చి నిధి దోచే ఘట్టంలో, ఒకే బిందెలో సారా తాగిన దొంగలకు ఏమీ కాకుండా కాపలావాళ్లే ఎలా పడిపోయారో రెండుసార్లు చదివినా అంతుపట్టలేదు.

---

చిత్తడినేల జవాబు:

మీ ప్రతిలో పేజీలేవీ పోలేదు. దాన్ని అక్కడ కోసింది సుజౌకి చెందిన విమర్శకుడు జిన్ షెంగ్‌తాన్, 1641లో. తన దగ్గర పాత ప్రతి ఒకటుందనీ, అందులో కథ 108 మంది కలవడంతోనే ముగుస్తుందనీ, తర్వాతిదంతా ఎవరో తగిలించిందనీ చెప్పాడు. అలాంటి పాత ప్రతి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఆ పీడకల కూడా ఆయన చేర్చిందే. అంతకుముందున్న ప్రతుల్లో 71వ అధ్యాయం తర్వాత కథ సాఫీగా నడిచిపోతుంది. కానీ ఆయన వ్యాఖ్యానంతో వచ్చిన ప్రతికి ఎంత ఆదరణ దొరికిందంటే, దాదాపు మూడు వందల ఏళ్లు చైనాలో చాలామందికి ‘ష్వెయ్‌హు జ్వాన్’ (ఈ నవల చైనీస్ పేరు) అంటే ఈ 70 అధ్యాయాలే.

ప్రతుల లెక్క ఇదీ. షి నాయ్‌ఆన్ పేరు మీద, కొన్నిచోట్ల ల్వో గ్వాన్‌జోంగ్ పేరు కూడా కలిపి, మింగ్ రాజవంశ కాలంలో అచ్చయిన పూర్తి నవల 100 అధ్యాయాలది. 1610 ప్రాంతంలో హాంగ్‌జౌలో వచ్చిన రోంగ్‌యూతాంగ్ ప్రతి వాటిలో పేరున్నది. 1614 ప్రాంతంలో ఇంకో 20 అధ్యాయాలు చేర్చి 120 చేశారు. అందుకే 100 అధ్యాయాలదాన్నే ‘పూర్తి నవల’ అనుకుని చదవమంటాను. కారణం కూడా చెబుతాను.

71 తర్వాత కథ నాలుగు ముక్కలు. 72 నుంచి 82 దాకా ప్రభుత్వ సైన్యాలతో పోరు, చివరికి చక్రవర్తి క్షమాభిక్ష. ప్రభుత్వ సేనాపతుల్లో తోంగ్ గ్వాన్‌ని రెండుసార్లు, గావ్ చ్యూని మూడుసార్లు చిత్తు చేసి, గావ్ చ్యూని బందీగా పట్టుకుని కూడా లియాంగ్‌షాన్ నాయకుడు సోంగ్ జ్యాంగ్ అతనికి మర్యాద చేసి పంపించేస్తాడు. 83 నుంచి ఉత్తరాన లియావ్ రాజ్యం మీద దండయాత్ర. 90 నుంచి 99 దాకా దక్షిణాన ఫాంగ్ లా తిరుగుబాటును అణచడం. 100వ అధ్యాయంలో ముగింపు. 120 ప్రతిలో ఈ లియావ్ యుద్ధానికీ ఫాంగ్ లా యుద్ధానికీ మధ్య తియెన్ హు (91–100), వాంగ్ చింగ్ (101–110) అనే ఇద్దరు తిరుగుబాటుదారుల మీద యుద్ధాలు ఇరికించారు. ఈ 20 అధ్యాయాల్లో 108 మందిలో ఒక్కరూ చావరు. చచ్చేదంతా కొత్తగా లొంగిపోయి చేరినవాళ్లే. ఎందుకంటే ఫాంగ్ లా యుద్ధంలో ఎవరెవరు ఎక్కడ చనిపోతారో పాత ప్రతిలో ముందే ఖాయమైపోయింది. మధ్యలో దూర్చినవాళ్లకు అందులో ఒక్కర్ని కూడా చంపే వీల్లేదు. అతుకు అక్కడే కనబడుతుంది.

అధ్యాయాల సంఖ్యల దగ్గర జాగ్రత్త. జిన్ షెంగ్‌తాన్ మొదటి అధ్యాయాన్ని ఉపోద్ఘాతంగా మార్చి, రెండోదానికి ఒకటో నంబరు ఇచ్చాడు. పాత ప్రతిలో 71 ఆయన దగ్గర 70. వ్యాసాల్లో ‘23వ అధ్యాయంలో వు సోంగ్ పులిని చంపాడు’ అని ఉంటే, ఆయన లెక్కలో అది 22. నంబరు పట్టుకుని వెతికితే ఒకటి అటో ఇటో తప్పుతారు, ఘట్టం పేరుతో వెతకండి. ఈ టపాలో నేనిచ్చినవన్నీ 100 అధ్యాయాల ప్రతి సంఖ్యలు, 120 ప్రతివని చెప్పినచోట తప్ప.

అనువాదాలు:

పెర్ల్ బక్ ‘ఆల్ మెన్ ఆర్ బ్రదర్స్’ (1933): 70 అధ్యాయాలు. చైనీస్ వాక్యం నడకను ఇంగ్లీషులో అలాగే దించాలని చూసింది. పది పేజీలు బాగుంటుంది, ఆ తర్వాత అలసట.

జె. హెచ్. జాక్సన్ ‘వాటర్ మార్జిన్’ (1937): ఇదీ 70 అధ్యాయాలే. బూతులూ మోటుమాటలూ చాలావరకు కడిగేశాడు. 2010లో ఎడ్విన్ లో దీన్ని సవరించి, పేర్లు కొత్త స్పెల్లింగులోకి మార్చి, మోటుతనం కొంత తిరిగి తెచ్చాడు.

సిడ్నీ షపీరో ‘ఔట్‌లాస్ ఆఫ్ ది మార్ష్’ (1980, బీజింగ్ విదేశీ భాషల ప్రచురణాలయం): 100 అధ్యాయాలు. 70 అధ్యాయాల ప్రతినీ 100 అధ్యాయాల ప్రతినీ కలిపి తయారు చేసుకున్నాడు. పద్యాలు కొన్ని వదిలేశాడు. పరుగులా సాగే వచనం.

జాన్, అలెక్స్ డెంట్-యంగ్ ‘ద మార్షెస్ ఆఫ్ మౌంట్ లియాంగ్’ (1994–2002, హాంకాంగ్): 120 అధ్యాయాలు, 5 సంపుటాలు.

రెండోసారి చదవడానికి నా ఓటు షపీరోకి. మీరు 70 చదివేశారు కాబట్టి 71వ అధ్యాయంతో మొదలుపెట్టండి. ఆ అధ్యాయం మాత్రం మళ్లీ చదవాలి, పీడకల లేకుండా ఎలా సాగుతుందో చూడ్డానికి.

---

ఓరుగల్లు_చదువరి జవాబు:

చిత్తడినేల గారూ, ప్రతుల లెక్క కరెక్టే గానీ సలహాతో నేను ఒప్పుకోను. మొదటిసారి చదివేటోళ్లకు 70 అధ్యాయాలదే మంచిది. ఆ భాగంలో కథ మనిషి నుంచి మనిషికి చేతులు మారుతూ పోతది. షి జిన్ కథలోకి లు జిషెన్ వస్తడు, ఆయన వెంట పోతే లిన్ చోంగ్, లిన్ చోంగ్ కొండ ఎక్కెటప్పుడు యాంగ్ జి ఎదురుపడతడు, యాంగ్ జి దగ్గర నిధి దోచేటోడు చావ్ గాయ్, చావ్ గాయ్‌ని తప్పించేటోడు సోంగ్ జ్యాంగ్, సోంగ్ జ్యాంగ్ పారిపోయి దాక్కున్న ఇంట్ల వు సోంగ్. ‘ఇంతకీ ఇందుల హీరో ఎవడు’ అని వెతికితే పిచ్చెక్కుతది. ఒక్కొక్కరికీ ఐదారు అధ్యాయాలు, వు సోంగ్‌కైతే 23 నుంచి 32 దాకా ఏకంగా పది. 71 తర్వాత ఈ నడక పోయి వ్యూహాలు, పటాలాలు, సేనాపతుల జాబితాలే మిగులుతయి.

అట్లని జిన్ షెంగ్‌తాన్‌ని గుడ్డిగా నమ్మొద్దు. కోసుడే కాదు, లోపల వాక్యాలు కూడా మార్చిండు. సోంగ్ జ్యాంగ్ అంటే ఆయనకు పడదు. పాత ప్రతిల మామూలుగా ఉన్న మాటలను కొద్దిగా తిప్పి, పైకి వినయం లోపల కపటం ఉన్నోడిగా కనపడేటట్టు చేసిండు. 70 చదివి ‘సోంగ్ జ్యాంగ్ దొంగనాటకాలాడుతున్నడు’ అనిపిస్తే, అందుల సగం వాటా వ్యాఖ్యాతది.

ఇంకో మాట. ‘వీరులు, ధర్మం’ అని అట్ట మీద చూసి పిల్లలకు కొనియ్యకుండ్రి. 31వ అధ్యాయంల వు సోంగ్ పగ తీర్చుకున్న రాత్రి చచ్చింది 15 మంది, అందుల గుర్రాలు చూసుకునేటోడు, వంటింటి దాసీలు ఉన్నరు. 51ల జు తోంగ్‌ని కొండకు రప్పించెతందుకు, ఆయన ఎత్తుకుని తిప్పుతున్న పసిపిల్లగాన్ని లియాంగ్‌షాన్ వీరుడు లి క్వెయ్ చంపుతడు. గీ నవలల ‘ధర్మం’ అంటే తన అన్నదమ్ములకిచ్చిన మాట. బయటోళ్లకు అందుల జాగా లేదు. గిది ముందే తెలిస్తే పుస్తకం మధ్యల పారెయ్యరు.

---

వరసపేరు జవాబు:

పేర్ల సంగతి నేను చెప్తాను. ఇక్కడ ఇబ్బంది 108 మంది ఉండటం కాదండీ, ఒక్కొక్కరికి నాలుగైదు పేర్లుండటం. ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. పైన బిరుదు. అన్నదమ్ముల్లో ఎన్నోవాడో ఆ సంఖ్యతో పిలుపు. సన్యాసం పుచ్చుకుంటే ఇంకో పేరు. లు దా అనే సైనికాధికారి కసాయిని మూడు గుద్దులతో చంపి, పారిపోయి, గుండు చేయించుకున్నాక లు జిషెన్ అవుతాడు. వు సోంగ్‌ని ఊళ్లో ‘వు రెండోవాడు’ అంటారు. సోంగ్ జ్యాంగ్‌కి గోంగ్‌మింగ్ అని ఇంకో పేరు, ‘నల్ల మూడోవాడు’ అని ఒక పిలుపు, ‘సమయానికి కురిసే వాన’ అని బిరుదు. కాబట్టి కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: బిరుదు, పేరు, చేసిన పని లేదా ఆయుధం, కొండ మీదికి ఎందుకు వచ్చాడు. ఆ చివరి గడి తప్పనిసరి. నేరం చేసి వచ్చినవాళ్లు, ఓడిపోయి లొంగినవాళ్లు, మోసంతో లాగబడ్డవాళ్లు అని మూడు రకాలుగా విడిపోతారు. 50వ అధ్యాయం దాటేసరికి రెండో రకం, మూడో రకం ఎలా పెరిగిపోతాయో మీకే కనబడుతుంది.

అందరినీ రాసుకోనక్కర్లేదు. రాతిపలక మీద మొదటి 36 మంది ‘ఆకాశ’ నక్షత్రాలు, తర్వాతి 72 మంది ‘భూమి’ నక్షత్రాలు. 36 మందినీ, కింది వరసలో ఓ పదిమందినీ రాసుకుంటే చాలు. చావ్ గాయ్‌ని ఈ లెక్కలో వెతక్కండి. అతను కొండకు నాయకుడే గానీ 108లో లేడు, పలక దొరక్కముందే 60వ అధ్యాయంలో విషపు బాణానికి చనిపోతాడు.

ఒకే పేరున్నవాళ్లు కొంప ముంచుతారు. జాంగ్ చింగ్‌లు ఇద్దరు. ఒకడు 16వ స్థానంలో ఉన్న సేనాని, బిరుదు ‘ఈకలేని బాణం’, రాయి విసిరితే గురి తప్పదు, ఒకే పోరులో 15 మంది నాయకుల్ని రాళ్లతో కొట్టి పంపుతాడు. ఇంకొకడు 102వ స్థానంలో ఉన్న ‘కూరగాయల తోటమాలి’, భార్య సున్ అర్‌నియాంగ్‌తో కలిసి మత్తుమందు పెట్టే సత్రం నడుపుతాడు. రాతలో అక్షరాలు వేరు గానీ పలకడం చైనీస్‌లోనూ ఒకటే, ఇంగ్లీషు స్పెల్లింగూ ఒకటే. బిరుదు చూస్తే తప్ప తేలదు. ‘జు’లు నలుగురు, ‘లి’లు ఇంకా ఎక్కువ.

పాత అనువాదాల్లో స్పెల్లింగ్ పద్ధతి వేరు: సోంగ్ జ్యాంగ్ ‘సుంగ్ చియాంగ్’లా, చావ్ గాయ్ ‘చావ్ కాయ్’లా కనిపిస్తారు. రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుంటే ముందు ఈ రెండు వరసల పట్టిక తయారు చేసుకోండి. కొత్త స్పెల్లింగులో ‘సి’ అక్షరాన్ని క అని చదవకండి. అది మన ‘చాప’లోని చ. మంత్రి పేరు త్సాయ్ జింగ్, ‘కాయ్ జింగ్’ కాదు.

---

ఉక్కుకొక్కెం జవాబు:

సారా బిందెల ఘట్టం 16వ అధ్యాయం. అది ఎవరికైనా మొదటిసారి అర్థం కాకపోవడానికి కారణం ఉంది. జరుగుతున్నప్పుడు కథకుడు కాపలా అధికారి యాంగ్ జి కళ్లతోనే చూపిస్తాడు. గుట్టు మాత్రం చివర్లో నాలుగు వాక్యాల్లో విప్పేసి వెళ్లిపోతాడు. వరసగా చెప్తాను.

నిధి లక్ష ‘దండల’ నాణేల విలువది. లియాంగ్ జోంగ్‌షు తన మామ త్సాయ్ జింగ్‌కి పంపుతున్న పుట్టినరోజు కానుక. 11 మంది సైనికులు కూలీల వేషంలో 11 కావిళ్లు మోస్తున్నారు. యాంగ్ జితోనూ ఇంటి పెద్ద నౌకరుతోనూ మరో ఇద్దరు అధికారులతోనూ కలిపి 15 మంది. ఆరో నెల నాలుగో రోజు, మిట్టమధ్యాహ్నం, పసుపుమట్టి దిబ్బ. చల్లటి పొద్దున నడిపిస్తే దొంగల భయమని యాంగ్ జి ఎండలోనే నడిపిస్తున్నాడు. కొట్టినా తిట్టినా కూలీలు పైన్ చెట్ల కింద కూలబడ్డారు. అక్కడ ఏడుగురు ఖర్జూర వ్యాపారులు, ఏడు తోపుడుబళ్లు. (అది అరబ్బు ఖర్జూరం కాదు, మన రేగుపండు జాతి చైనా పండు. ఇంగ్లీషులో ‘డేట్’ అని రాసేస్తారు.) కొంతసేపటికి దొంగల మనిషే అయిన బాయ్ షెంగ్ సారా అమ్మేవాడిలా కావిడిలో రెండు బిందెల సారాతో దిబ్బ ఎక్కుతాడు. ఆ సమయానికి రెండు బిందెల్లోనూ మందు లేదు.

ఏడుగురూ ఒక బిందె కొని, కొబ్బరిచిప్ప గరిటెలతో మొత్తం తాగేస్తారు. అది శుభ్రమైన సారా. తర్వాత ఒకడు రెండో బిందె మూత ఎత్తి, కొసరుగా అని ఒక గరిటె ముంచుకుని, తాగుతూ పరుగెత్తుతాడు. బాయ్ షెంగ్ వాణ్ని తరుముతాడు. దీంతో రెండో బిందె కూడా మంచిదేనని యాంగ్ జికి కళ్లారా రుజువైంది. సరిగ్గా అప్పుడే ఆ ఏడుగురిలో ఒకడైన వు యోంగ్ చెట్ల చాటు నుంచి ఇంకో గరిటెతో వస్తాడు. మందు ఆ గరిటెలో ఉంది. అతను ముంచగానే బాయ్ షెంగ్ గరిటె లాక్కుని, ఆ సారాని బిందెలోకే తిరగబోసి, గరిటె నేలకేసి కొడతాడు. చూసేవాళ్లకు పిసినారి వ్యాపారి కోపం. నిజానికి కలపడం పూర్తయింది. ఆ తర్వాత బాయ్ షెంగ్ ‘మీకు అమ్మను’ అని బెట్టు చేస్తాడు. అదే కూలీల చివరి అనుమానాన్నీ పోగొడుతుంది. యాంగ్ జి అందరికంటే తక్కువ తాగాడు, అందుకే అందరికంటే ముందు లేస్తాడు. అప్పటికి బళ్లలో పళ్లు నేల మీద, 11 కావిళ్ల నిధి బళ్లలో.

ఈ నవలలో యుద్ధాలు కూడా ఇలాగే, ఎక్కడ బోల్టు ఊడదీస్తే యంత్రం కూలుతుందో చెబుతాయి. 55–57లో ప్రభుత్వ సేనాని హుయెన్ జ్వో గొలుసు గుర్రాల దళం చూడండి. 3000 గుర్రాలు, 30 గుర్రాలకు ఒక వరస చొప్పున ఇనుప గొలుసుతో కలిపి కడతారు. గుర్రానికి గిట్టలు తప్ప, రౌతుకు కళ్లు తప్ప ఏదీ కనబడని కవచం. బాణాలు పనిచేయవు, ఎదురు నిలిస్తే తొక్కేస్తాయి. మొదటి పోరులో లియాంగ్‌షాన్ చిత్తుగా ఓడుతుంది. విరుగుడు కొక్కెపు ఈటె. కమ్మరి తాంగ్ లోంగ్‌కి దాన్ని చేయడం వచ్చు, వాడటం రాదు. వాడటం వచ్చినవాడు రాజధానిలో ఉన్న శు నింగ్. ఆయన దూలానికి వేలాడదీసి దాచుకున్న వంశపారంపర్య కవచాన్ని షి చ్యెన్ అనే దొంగతో దొంగిలింపజేసి, దాని ఆశతో ఆయన్ని కొండకు రప్పిస్తారు. గుర్రం మీద ఈటె వాడకం మూడు లాగుళ్లు, నాలుగు తోపులు, ఒక పోటు, ఒక విడదీత, మొత్తం 9 పట్లు. పదాతులకు వేరే అడుగులు. అర నెల తిరక్కముందే ఐదు నుంచి ఏడు వందల మంది తయారవుతారు. యుద్ధంలో కాలిబంట్లు ఎర వేసి గుర్రాల్ని రెల్లు దుబ్బుల్లోకి లాగుతారు. ఈల వినబడగానే కొక్కేలవాళ్లు ముందు వరసకు రెండు చివర్ల ఉన్న గుర్రాల కాళ్లు లాగుతారు. మధ్య గుర్రాలు బెదిరి గింజుకుంటాయి, గొలుసు ఉంది కాబట్టి ఎటూ పోలేవు. 30 గుర్రాలనూ గొలుసే పడేస్తుంది.

బరువుల గురించి ఒక మాట. 4వ అధ్యాయంలో లు జిషెన్ కమ్మరి దగ్గర 100 జిన్‌ల ఇనుప దండం అడుగుతాడు. ‘గ్వాన్ యు కత్తే 81 జిన్‌లు, అంత దండం లావుగా, చూడ్డానికి వికారంగా, చేతికి ఒదగకుండా ఉంటుంది’ అని కమ్మరి ఒప్పించి 62కి దించుతాడు. దండానికీ కత్తికీ కలిపి 5 లియాంగ్‌ల (చైనా తూకం) వెండి. ఇప్పటి చైనా జిన్ 500 గ్రాములు, కథ జరిగే సోంగ్ రాజవంశ కాలపుది సుమారు 640. అంటే దండం 40 కిలోల దాకా, ఓ సిమెంటు బస్తా కంటే కాస్త తక్కువ. అతిశయోక్తే, కానీ బేరం ఆడి తగ్గించిన అతిశయోక్తి. వు సోంగ్ పులి రోజు తాగింది 15 గిన్నెలు, తిన్నది 4 జిన్‌ల గొడ్డుమాంసం. (జనం నోట్లో 18 గిన్నెలు అయిపోయింది, పుస్తకంలో 15.) అది ధాన్యం పులియబెట్టిన కల్లులాంటి సారా, బట్టీ సారా కాదు. సేద్యపు ఎద్దుల్ని కోయడం ఆనాడు నేరం కాబట్టి, సత్రంలో గొడ్డుమాంసం అడగడమే వీళ్లు చట్టానికి బయటివాళ్లని చెప్పే గుర్తు.

---

అట్టలేనిపుస్తకం:

గరిటె! ఇప్పుడు అర్థమైంది. ఇంకొక్కటి. చక్రవర్తిని ఓడించగలిగిన సైన్యం ఉండి సోంగ్ జ్యాంగ్ ఎందుకు లొంగుతాడు? చరిత్రలోనూ అంతేనా? ముగింపు చెప్పేసినా ఫర్వాలేదు.

---

చిత్తడినేల జవాబు:

మీరే అడిగారు కాబట్టి ముగింపుతో సహా చెప్తాను, తెలుసుకోవద్దనుకునేవాళ్లు దీన్ని దాటేయండి.

సోంగ్ రాజవంశ చరిత్ర గ్రంథంలో సోంగ్ జ్యాంగ్ ఉన్నాడు, కొన్ని వాక్యాల్లో మాత్రమే. 36 మందితో తిరుగుతూ ప్రభుత్వ సేనలను హడలగొట్టాడని ఒకచోట ఉంది. వాణ్ని క్షమించి ఫాంగ్ లా మీదికి పంపండని హోవ్ మెంగ్ అనే అధికారి సలహా ఇచ్చాడని కూడా ఉంది. 1121లో హాయ్‌జౌ అధికారి జాంగ్ షుయె వెయ్యిమంది తెగించినవాళ్లను పోగుచేసి, తీరంలో మాటువేసి, పడవలు తగలబెట్టి లొంగదీశాడు. 36 మందిని 108 చేసింది తర్వాతి కథకులూ నాటకాలవాళ్లూ. సోంగ్ జ్యాంగ్ నిజంగా ఫాంగ్ లా మీద యుద్ధానికి వెళ్లాడా అన్నదాని మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. ఫాంగ్ లా తిరుగుబాటు (1120–21) మాత్రం చాలా పెద్దది. హుయిజోంగ్ చక్రవర్తి తోటకోసం దక్షిణాది నుంచి వింత రాళ్లూ మొక్కలూ పడవల మీద లాక్కెళ్లిన దోపిడీ దానికి ఒక కారణం. చక్రవర్తిని 1127లో ఉత్తరాది నుంచి దండెత్తిన జుర్చెన్ జాతివాళ్లు బందీగా పట్టుకుపోయారు. మింగ్ కాలపు పాఠకుడికి ఇదంతా తెలుసు. అందుకే ఈ వీరులు ఎవరి సింహాసనం కాపాడటానికి చస్తున్నారో చదువుతున్నంతసేపూ వాడికి గుర్తుంటుంది.

నవల్లో లొంగుబాటు హఠాత్తుగా రాదు. చావ్ గాయ్ బతికున్నన్నాళ్లూ సభాభవనం పేరు ‘ధర్మం కోసం కూడిన మందిరం’. అతను పోయాక సోంగ్ జ్యాంగ్ చేసే మొదటి పనుల్లో ఒకటి ఆ పేరుకు ‘రాజభక్తి’ తగిలించడం. మొదటి నుంచీ అతని వాదన చక్రవర్తి మంచివాడు, చుట్టూ ఉన్న త్సాయ్ జింగ్, గావ్ చ్యూలే చెడ్డవాళ్లని. వు సోంగ్, లి క్వెయ్ ఇద్దరూ విందులోనే ఎదురు తిరిగి అరుస్తారు (71). 1975లో మావో ఈ నవలను లొంగుబాటుకు పాఠంగా చదవమన్నప్పుడు చూపించిందీ ఆ పేరు మార్పునే. దేశమంతా సోంగ్ జ్యాంగ్‌ని విమర్శిస్తూ ఉద్యమం నడిచింది. ఎవరి మీద గురిపెట్టి అన్నది వేరే చర్చ.

ఫాంగ్ లా యుద్ధం ముగిశాక లెక్క 99వ అధ్యాయంలో అధికారిక నివేదికలా ఇస్తాడు. యుద్ధంలో చనిపోయినవాళ్లు 59. దారిలో జబ్బుతో పోయినవాళ్లు 10. హాంగ్‌జౌ లియుహ గుడిలో చ్యెన్‌తాంగ్ నది పోటు చప్పుడు విని, కూర్చున్నచోటే ప్రాణం వదిలిన లు జిషెన్ ఒకడు. ఎడమ చెయ్యి పోయి అదే గుడిలో ఉండిపోయిన వు సోంగ్ ఒకడు. ముందే వెళ్లిపోయి సన్యాసంలో ఉన్న గోంగ్‌సున్ షెంగ్ ఒకడు. పదవి వద్దని దారిలోనే జారుకున్నవాళ్లు నలుగురు, వాళ్లలో యెన్ చింగ్ ఉన్నాడు. రాజధానిలోనే ఉంచేసుకున్నవాళ్లు 5. చక్రవర్తి ముందు నిలబడ్డవాళ్లు 27. కూడితే సరిగ్గా 108. యుద్ధాలు విసుగనిపించి 90ల్లో పేజీలు తిప్పేసేవాళ్లు కూడా ఇక్కడ ఆగి, పేర్లు ఒక్కొక్కటీ చదవాలి.

100లో మిగతాది: చక్రవర్తి పంపిన సారాలో గావ్ చ్యూ వాళ్లు విషం కలిపిస్తారు. సోంగ్ జ్యాంగ్ అది తాగాక లి క్వెయ్‌ని పిలిపించి, వాడికీ అదే పోస్తాడు. తాను పోయాక వాడు తిరగబడి తన రాజభక్తికి మచ్చ తెస్తాడని.

---

ఓరుగల్లు_చదువరి జవాబు:

గిదే చెప్పేది, చివరి అధ్యాయం కోసం 30 అధ్యాయాలు మోయాలె. సరే, మోసేటోళ్లకు దారి: 74 (యెన్ చింగ్ కుస్తీ), 75–80 (తోంగ్ గ్వాన్, గావ్ చ్యూల ఓటమి), 81 (గణిక లి షిషి ఇంట్ల యెన్ చింగ్ రాయబారం), 90, ఆ తర్వాత 98–100. లియావ్ యుద్ధం మొత్తం దాటేసినా కథ తెగదు, అండ్ల 108 మందిల ఒక్కరూ పోరు.

---

వరసపేరు జవాబు:

కొనేముందు విషయసూచికలో చివరి శీర్షిక చూసుకోండి. హుయిజోంగ్ చక్రవర్తి కలలో లియాంగ్‌షాన్‌కి వెళ్లినట్టు ఉంటే అది 100 లేదా 120 అధ్యాయాల ప్రతి, రెండింటికీ చివరి అధ్యాయం ఒకటే. రాతిపలక, ప్రమాణం దగ్గర ముగిస్తే 70. షపీరో అనువాదంలో కుదించిన ఒక సంపుటం ప్రతి కూడా ఉంది, అట్ట మీద పేరు అదే కాబట్టి పాత పుస్తకాల సైట్లలో తీసుకుంటుంటే ఎన్ని సంపుటాలో అడిగి తీసుకోండి.